మెట్లు దిగగలవారికే

“కుర్చీ అక్కడే ఆపండి. ఆయన్ని ఎక్కించడానికి వీల్లేదు.”

రోలర్ కోస్టర్ గేటు దగ్గర పసుపు టోపీవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. కొత్త కోడలు చక్రాల కుర్చీని ఆపలేదు సరికదా, ఇంకో అడుగు ముందుకు తోసింది. పార్కులోకి రాగానే సరదాపడి కొని, మామగారి కుర్చీ పిడికి ఆమె కట్టిన రంగుకాగితాల గాలిమర గిర్రున తిరిగింది.

“ఎందుకు వీల్లేదు? టికెట్ లేదా?”

“ఉందండి. కానీ ఆయనకి...” పసుపు టోపీ కుర్చీ వైపు చూడకుండా ఆమెతోనే అన్నాడు, “నడక లేదు కదా.”

“ఇది నడిచే ఆటా, కూర్చునే ఆటా?”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పసుపు టోపీ నవ్వకుండా తలపైనున్న బోర్డు చూపించాడు. ‘మెట్లు స్వయంగా దిగలేనివారికి ప్రవేశం లేదు.’ పైన పట్టాల పక్కనే సన్నటి ఇనప మెట్లున్నాయి. మధ్యలో బండి ఆగిపోతే అందరూ వాటి మీదుగానే దిగాలట.

మామగారు ఆ బోర్డునే చూస్తూ కూర్చున్నారు. ఆమె పెళ్లయి వచ్చాక ఆయన నోరు తెరిచి కోడల్ని అడిగింది ఒకే ఒక్కటి: ‘అమ్మాయ్, నన్నొక్కసారి ఆ రోలర్ కోస్టర్ ఎక్కిస్తావా?’

“బండి ఆగితే మా ఆయన భుజాన వేసుకుని దింపుతారు,” అందామె.

‘మా ఆయన’ అన్నప్పుడల్లా ఆమె పెదాల మీదికి దానంతటదే నవ్వొచ్చేస్తుంది. ఇప్పుడు రాలేదు. ఆ ఆయనగారు ఒక చేత్తో ఆమె హ్యాండ్‌బ్యాగు, ఇంకో చేత్తో ఆమె సగం తిన్న పీచుమిఠాయి పట్టుకుని నిలబడ్డాడు.

“పోనీలెద్దూ, నాన్నని బోటెక్కిద్దాం. బోటు కూడా బాగుంటుంది.”

“అంత బాగుంటే మీరెక్కండి!”

ఇంతలో ఎత్తుమడమల చెప్పులేసుకున్న ఒకావిడ, మొగుడి చెయ్యి పట్టుకుని టకటకా గేటు దాటబోయింది.

“ఆగండి,” అంది కోడలు. “అవి చెప్పులా, స్టూళ్లా? ఈవిడ దిగుతుందా ఆ మెట్లు? ఈవిడనెందుకు ఆపలేదు?”

“ఆవిడ నడుచుకుంటూ వచ్చారు కదండీ,” అన్నాడు పసుపు టోపీ.

“నా చెప్పుల జోలి మీకెందుకండీ?” అంటూ ఆవిడ లోపలికెళ్లి సీట్లో కూర్చుంది.

గొడవ విని మేనేజరు పరుగున వచ్చాడు. “మేడమ్, పెద్దాయనంటే మాకూ గౌరవమే.”

“ఆ గౌరవమేదో మీ దగ్గరే ఉంచుకోండి. ఆయనకి సీటివ్వండి.”

“నా చేతుల్లో లేదమ్మా. పార్కు కట్టినప్పుడు ఇంజనీరు రాసి పెట్టిన రూలది. ఆయనెవరో నేను చూడను కూడా లేదు. ఇప్పుడు దాన్ని కాదంటే నా ఉద్యోగం ఊడుతుంది.”

“అమ్మాయ్,” అన్నారు మామగారు నెమ్మదిగా, “వెళ్లిపోదాం పద.”

“మీరుండండి మావయ్యగారూ! మీరిలా ఊరుకోబట్టే వీళ్లందరూ నెత్తికెక్కుతున్నారు.” కోపంతో ఆమె ముక్కు ఎర్రబడింది. పీచుమిఠాయి రంగు అంటిన చూపుడువేలు బోర్డు వైపు ఝళిపించింది. “ఇంజనీరట, ఇంజనీరు! చల్లగా ఫ్యాను కింద కూర్చుని, కాలు మీద కాలేసుకుని రాసి పారేశాడన్నమాట. వాడికేం, రెండు కాళ్లూ దిట్టంగా ఉన్నాయి! సాయం పట్టి దింపాలన్న ఆలోచనే రాలేదా ఆ మహానుభావుడికి?”

“మెల్లగా... అందరూ చూస్తున్నారు,” అన్నాడు భర్త.

“చూడనివ్వండి! ఆ రూలు రాసినవాణ్ని ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ఈ కుర్చీలో కూర్చోబెట్టాలి. అప్పుడు తెలిసొస్తుంది!”

మామగారు బోర్డు మీంచి చూపు తిప్పి, మొదటిసారి ఆమె ముఖంలోకి చూశారు.

“కూర్చునే ఉన్నాడమ్మా. ఇందాకట్నించీ నువ్వు తోసుకొస్తున్నది వాణ్నే.”