గోడ మీది బిడ్డ

అనకాపల్లిలో ఇప్పుడు కడుపుతో ఉన్న ఏ పిల్లా పొట్టకు కట్టిన స్కానింగ్ పట్టీ తీయదు. లోపలి బిడ్డ రోజంతా ఇంటి గోడ మీదే కనబడాలి. హైమావతి బిడ్డా అంతే. "ముక్కు ఎవరి పోలికో తేలట్నేదే," అంటూ అత్త వరహాలమ్మ పది రోజులుగా పట్టీ పవర్ పెంచుతూనే ఉంది. లోపల వేడెక్కుతుందని, స్కానింగ్ కోర్సు చదువుతున్న హైమ మొత్తుకుంది. "నీ సదువు నాకాడ సూపకు," అంది అత్త.

ఈరోజు సీమంతం. నిన్నటి నుంచి హైమకు కడుపులో కదలిక తెలియడం లేదు. గోడ మీద మాత్రం బిడ్డ హాయిగా వేలు చీకుతోంది. బొమ్మ సరిగా అందనప్పుడు యంత్రం 'మెరుగు' పేరుతో పాత బొమ్మలు అతికించి నింపేస్తుందని చదివింది గుర్తొచ్చి, ఆ మెరుగు తీసేసింది.

గోడంతా బూడిదరంగు చుక్కలు. వాటి మధ్య బిడ్డ కదలడం లేదు. గుండె కొట్టుకోవడం లేదు.

"అత్తా, ఆసుపత్రికి..."

వరహాలమ్మ గోడ వైపు చూసింది. అర్థమైంది. తర్వాత వీధి గుమ్మం వైపు చూసింది.

"గాజులు తొడిగించేసుకుని ఎల్దుం. జనం వొచ్చేస్తన్నారు," అంటూ మెరుగు తనే మళ్ళీ పెట్టింది.

గోడ మీద బిడ్డ నవ్వింది. గుమ్మంలోనే పేరంటాళ్ళు మురిసిపోయారు.

"అచ్చం నాయనమ్మ ముక్కేనమ్మా!"