గుక్కెడు నీళ్లు

“ఆపరేషన్‌కి రెండు గంటల ముందు వరకూ మంచినీళ్లు తాగొచ్చని పరిశోధనల్లో తేలిందిగా మేడం! ఆ కాగితం గోడకి అంటించింది మీరే!” కొత్త నర్సు కస్సుమంది.

“మీ తగువు తేలేలోపు నేను ఎండి వరుగైపోతానర్రా,” అంది మంచం మీది పెద్దమ్మ. రాత్రి నుంచీ ఆమె చుక్క నీళ్లు తాగలేదు.

హెడ్ నర్సు కొత్త నర్సు చేతిలోని నీళ్ల గ్లాసు లాక్కుంది. “ఆపరేషన్ ఎన్నింటికో చెప్పు, నేనే తాగిస్తా.”

“పొద్దున్నే అన్నారు... తర్వాత మధ్యాహ్నమన్నారు...” నసిగింది కొత్త నర్సు.

“మొన్న ఒకాయనకి ఇలాగే ఇచ్చాను. వెంటనే ఆపరేషన్‌కి పిలుపొచ్చింది. నీళ్లు తాగాడని వెనక్కి పంపేశారు. తిట్లు నాకు, నొప్పి ఆయనకి.”

కొత్త నర్సు కోపం తగ్గలేదు గానీ దారి మార్చుకుంది. ఆపరేషన్ గదికి ఫోన్ చేసింది. “పెద్దమ్మని ఎన్నింటికి తీసుకెళ్తారో చెప్పేదాకా ఫోన్ పెట్టేయను సార్.”

అవతల ఎవరో విసుక్కున్నారు. ఆమె పెట్టేయలేదు.

హెడ్ నర్సు గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడింది.