నూట అరవై నీలం బోర్డులు

నీలం పార్టీ ఆఫీసుకి ఆర్విడ్ ఆ వారంలో రావడం అది నాలుగోసారి.

"ఇంకో నలభై బోర్డులివ్వండి" అన్నాడు, చలికి కందిపోయిన ముక్కు తుడుచుకుంటూ.

ఆఫీసు మేనేజరు అతన్ని ఎగాదిగా చూసి నవ్వాపుకున్నాడు. "ఇరవయ్యేళ్లుగా ఎన్నికలు చేయిస్తున్నాను. నీలాంటి కార్యకర్తని ఎక్కడా చూళ్లేదయ్యా" అంటూ బోర్డులు ట్రక్కులోకి ఎక్కించాడు. ప్రతి బోర్డు మీదా షెరిల్ కోవాల్ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.

షెరిల్ రెండుసార్లు గెలిచిన మనిషి. డన్‌బ్రేలో నీలం పార్టీ తరఫున ఎండుగడ్డి మోపుని నిలబెట్టినా గెలుస్తుందని ముప్పయ్యేళ్లుగా అందరూ అనే మాట. అలాంటి చోట ఊదా పార్టీకి అభ్యర్థి దొరకడమే గగనం. కానీ కెనడాలోని ఆ సస్కచెవాన్ రాష్ట్రంలో ఒక్క నియోజకవర్గం కూడా ఖాళీగా వదలకూడదని వాళ్ల పంతం. అందుకని చర్చి విందులో ఒక అమాయకుణ్ణి పట్టుకున్నారు. "ఊరికే పేరు పెట్టుకుంటాం. ఎలాగూ ఓడిపోతావు, కాలు కదపక్కర్లేదు" అని ఒట్టేసి మరీ కాగితాలు ముందు పెట్టారు. ఆ మహానుభావుడు మూడో ప్లేటు పెరోగీలు లాగిస్తూ, ఒక్క ముక్క చదవకుండా సంతకం గీకేశాడు.

అంతవరకు బాగానే ఉంది. ప్రచారం మధ్యలో నీలం ప్రభుత్వం ఊరి ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డు మూసేసింది. "పక్క ఆస్పత్రి నూట పది కిలోమీటర్లేగా, రోడ్డు బ్రహ్మాండంగా ఉంది" అని ఆరోగ్యమంత్రి టీవీలో సెలవిచ్చాడు. ఊరు భగ్గుమంది. సర్వేల్లో ఊదా రంగు పైకి పాకడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి ఆర్విడ్‌కి అన్నం సయించలేదు. ఆ ఊదా అభ్యర్థి పేరెత్తితే చాలు, ఒళ్లు మండిపోయేది. అంతటి వెర్రివెంగళప్ప జిల్లాలో మరొకడు లేడని అతని గట్టి నమ్మకం.

"ఊదావాడు గెలిస్తే నా బతుకు బజార్న పడ్డట్టే. ఆవుల్ని అమ్ముకుని రాజధాని రెజీనాకి పోవాల్సిందే" అన్నాడు కాఫీ హోటల్లో. పొద్దున పని ముగించుకున్న రైతులు రోజూ చేరే బల్ల అది.

"ప్రతి ఎన్నికకీ ఎవడో ఒకడు ఇదే మాటంటాడు. ఇంతవరకు ఒక్కడూ కదల్లేదు" అన్నాడు డెల్మర్.

"నిజంగానే చెప్తున్నానురా. అరవై ఆవులు. ఒక్కోదానికీ పేరు పెట్టి పెంచాను."

"పాపం" అన్నారందరూ డోనట్లు నములుతూ.

ఇంట్లో భార్య బెర్నిస్‌ది ఒకటే పోరు. "నోరు మూసుకుని ఇంటిపట్టున ఉండవయ్యా. నువ్వు తిరిగేకొద్దీ చెడుతోంది."

"నీకు రాజకీయాలు తెలీవు."

"నీకు తెలిసిన సంగతి కనబడుతూనే ఉందిగా" అంది ఆవిడ, పాల క్యాను ఠంగున కింద పెడుతూ.

ఆర్విడ్ వింటేనా. గడ్డకట్టిన నేలలో సుత్తితో బోర్డులు దిగ్గొట్టాడు. ఒక్క ఇంటివాళ్లు కూడా వద్దనలేదు. డన్‌బ్రేలో మొహం మీద కాదనడం మర్యాద కాదు. బోర్డు పెట్టనిచ్చి, కాఫీ ఇచ్చి, గుమ్మందాకా సాగనంపుతారు. నూట అరవై బోర్డులంటే ఇంటికి రెండేసి చొప్పున మూడొందల ఇరవై ఓట్లని ఆర్విడ్ వేళ్లు ముడిచి లెక్కేసుకున్నాడు.

ఊరిచివర అగాథా వీబ్ అనే పెద్దావిడ ఆపిల్ పై ముక్క కోసి పెట్టి అడిగింది. "ఆ ఊదా అభ్యర్థి ఎలాంటివాడంటావు నాయనా?"

"ఒట్టి దద్దమ్మ, అగాథమ్మగారూ. మైకు చూస్తే నాలుక పిడచగట్టుకుపోతుంది. అసెంబ్లీలో కూర్చోబెడితే పది నిమిషాల్లో గురక పెడతాడు."

"అబద్ధాలాడతాడా?"

ఆర్విడ్ ఆలోచించాడు. "అందుక్కూడా తెలివుండాలిగా."

"పదవి మీద ఆశ?"

"దేవుడి తోడు, లేదు."

ఆవిడ కళ్లజోడు మీదుగా అతన్ని కాసేపు చూసింది. "మరి షెరిల్?"

"మహా గొప్ప నాయకురాలు. ఆ నూట పది కిలోమీటర్ల రోడ్డు వేయించింది ఆవిడే."

"అవునవును. మొన్న గుండెనొప్పితో మా చెల్లెలు ఆ రోడ్డు అందమంతా చూసుకుంటూ వెళ్లింది. ఇంకా మంచం మీదే ఉంది. బోర్డు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో నాయనా, నీ తృప్తి."

పోలింగ్ రోజు ఆర్విడ్ పదిహేడుమంది ముసలివాళ్లని ట్రక్కులో ఎక్కించుకెళ్లి ఓట్లేయించాడు. "నీ కష్టం ఊరికే పోదులే" అని ప్రతి ఒక్కరూ అతని భుజం తట్టారు. తర్వాత తను కూడా లోపలికెళ్లి షెరిల్ పేరు ఎదురుగా గుర్తు పెట్టి, కాగితం రెండు మడతలు వేసి పెట్టెలో పడేశాడు. ప్రాణం కుదుటపడింది.

ఊరి హాల్లో లెక్కింపు ముగిసింది. ఊదా పార్టీకి రెండువందల పన్నెండు ఓట్ల ఆధిక్యం.

ఆర్విడ్ కుర్చీలో కూలబడ్డాడు. అతని కళ్లముందు అరవై ఆవులూ వరసగా నడిచి వెళ్లిపోయాయి. డెల్మర్ కాఫీ తెచ్చిచ్చాడు. "చెబితే విన్నావా" అంది బెర్నిస్ పక్కనుంచి.

అంతలో షెరిల్ కోవాల్ హాలు దాటుకుని అతని వైపే వచ్చింది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆర్విడ్ తడబడుతూ లేచాడు.

"శాయశక్తులా ప్రయత్నించానండీ" అన్నాడు.

"నాకు తెలుసు" అని ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఊపుతూ, "నన్ను ఓడించినందుకు అభినందనలు, ఎమ్మెల్యే గారూ" అంది.