ఇద్దరు సాక్షులు

“సున్నా! ఈ సున్నా ఏంటమ్మా?” అంటూ ఆఫీసరు కాగితాన్ని గుమాస్తా టేబుల్ మీద పడేశాడు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని చూసింది. శాఖ వార్షిక ప్రగతి నివేదికలో ఆఖరి పేజీ. నా అన్నవాళ్ళు లేనివాళ్ళు ముందుగానే పేరు రాయించుకుంటే, పోయినప్పుడు అంత్యక్రియలు శాఖే జరిపించే కొత్త పథకం గురించి. దాని కింద కొనుగోళ్ళు నూటికి నూరు శాతం. పేరు రాయించుకున్నవాళ్ళు మాత్రం సున్నా.

“టెండరు పిలిచాం. పెట్టెలు కొన్నాం. బండి కొన్నాం, షెడ్డులో నిగనిగలాడుతోంది. ఎక్కేవాడు ఒక్కడూ లేడంటే నలుగురూ నవ్వరూ?”

“ఎక్కమని ఎవర్ని అడుగుతాం సార్?”

“అదంతా నాకు తెలీదు. సాయంత్రం ఐదుకి ఇది ప్రెస్సుకి పోవాలి. ఒక్క పేరు, ఒక్కటంటే ఒక్కటి పట్టుకురా అమ్మా.”

ఆయన బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. ఆడవాళ్ళందరినీ ‘అమ్మా’ అనీ, మగవాళ్ళందరినీ ‘బాబూ’ అనీ పిలుస్తూ పని లాగించేస్తున్నాడు.

దేవుడు పంపినట్టు, పదకొండింటికి ఒక ముసలాయన కౌంటరు ముందుకొచ్చి నిలబడ్డాడు. వీధి చివర చిన్న కొట్లో గడియారాలు బాగుచేస్తాడట.

“తల్లీ, పోయాక అన్నీ మీరే చూసుకుంటారట కదా. నా పేరు రాసుకో.”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఫారం తీసి గబగబా నింపడం మొదలుపెట్టింది.

“భార్య?”

“పోయింది.”

“పిల్లలు?”

“పుట్టలేదు.”

“అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్ళూ?”

“అందరూ నాకంటే తొందరపడ్డారు తల్లీ.”

ఆమెకు నవ్వొచ్చింది. ఆ గదిలో ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో.

“ఇక్కడ సంతకం పెట్టు తాతా. కింద ఇద్దరు సాక్షులు పెట్టాలి. నీకెవరూ లేరని తెలిసినవాళ్ళు.”

“అంటే, నన్ను బాగా ఎరిగినవాళ్ళా?”

“అవును.”

“నాకెవరూ లేరని చెప్పడానికి ఇద్దరుండాలన్నమాట!”

“రూలు తాతా. నేను రాసింది కాదు.”

“సరేలే. మా వీధిలో ఎవరిచేతైనా పెట్టించుకొస్తాను.”

“నాలుగు లోపల వచ్చెయ్యి, ఆలస్యం చెయ్యకు.”

“గడియారాలవాడికే టైము చెప్తున్నావా?” అని ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం సెక్షను సెక్షనంతా కబుర్లు చెప్పుకుంటూ భోజనాలకి లేచింది. ఆమె తన డబ్బా టేబుల్ మీదే విప్పి, కిటికీ వైపు తిరిగి తినేసింది. తాను లేనప్పుడు ముసలాయన వచ్చి వెనక్కి పోతాడేమోనని భయం. వెళ్తూ ఆమెను రమ్మన్నవాళ్ళూ లేరు, వచ్చాక ఎందుకు రాలేదని అడిగినవాళ్ళూ లేరు.

నాలుగుంబావుకి ముసలాయన వచ్చాడు. ఫారం నలిగిపోయి ఉంది. సాక్షుల గడులు రెండూ ఖాళీ.

“ఏమైంది తాతా?”

“ఒక్కడూ పెట్టలేదు తల్లీ! టీకొట్టువాడు కాగితం చదివి, ‘నీకెవరూ లేరా? మేం చచ్చామా?’ అని నలుగురి ముందూ కడిగేశాడు. చెప్పులు కుట్టేవాడు ఇక నాతో మాట్లాడనన్నాడు. మా ఇంటి ఓనరమ్మ అయితే ఒకటే ఏడుపు. ‘నా చేత్తో ఇలాంటి సంతకం పెట్టమంటావా బాబాయ్, నీకు మనసెలా ఒప్పింది?’ అని.”

ఆయన గొంతు తగ్గించాడు. “ఇన్నాళ్ళూ వాళ్ళంతా వాచీలు ఇచ్చి పోయేవాళ్ళే అనుకున్నాను తల్లీ.”

తిట్లు తిన్నవాడిలా లేడాయన. పెళ్ళికొడుకులా ఉన్నాడు.

“నీ పని చెడగొట్టాను. ఏమీ అనుకోకు” అన్నాడు.

“ఎందుకనుకుంటాను? జాగ్రత్తగా వెళ్ళు తాతా.”

ఆయన మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఆయన వదిలివెళ్ళిన ఫారాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేసింది. గడియారం వైపు చూసింది. తర్వాత సొరుగు లాగి ఇంకో కొత్త ఫారం తీసింది. ఈసారి ఎవర్నీ ఏమీ అడక్కుండానే, సాక్షులవి తప్ప గడులన్నీ నింపింది.

ఫారాన్ని పక్క సీటాయన ముందు పెట్టి, చదువుతాడేమోనని చూసింది. ఆయన ఫోన్‌లో మాట్లాడుతూనే ఎక్కడన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఆమె వేలు పెట్టి చూపించిన చోట గీకేశాడు.

ప్యూను కూడా కలం అందుకున్నాడు.

“చదివి పెట్టు” అందామె.

“చదివి చేసేదేముందమ్మా?” అని సంతకం పెట్టేసి, కప్పులు ఏరుకుంటూ పోయాడు.

ఐదవుతుండగా ఆఫీసరు వచ్చాడు. ఫారం చూడగానే ఆయన ముఖం చాటంతయింది.

“శభాష్! దొరికిందన్నమాట! అందులోనూ ఆడమనిషి. మహిళా లబ్ధిదారు అని విడిగా ఇంకో వరుస వేసుకోవచ్చు.” సున్నా కొట్టేసి ఒకటి వేశాడు. మళ్ళీ ఫారం దగ్గరగా పెట్టుకుని పేరు కూడబలుక్కుంటూ చదివాడు. నుదురు ముడిపడింది.

“ఈ పేరు ఎక్కడా విన్నట్టు లేదే. అసలు ఉందా ఈవిడ? నువ్వే పుట్టించావా? రేపు పైవాళ్ళు వచ్చి చూపించమంటే ఎక్కడని వెతుకుతాం?”

“వెతకక్కర్లేదు సార్” అంది గుమాస్తా. “పదకొండేళ్ళుగా ఈ కుర్చీలోనే కూర్చుంటోంది.”