గోడకు అటువైపు మొక్క

వేళ్లు గోడను చీలుస్తున్నాయని రెండేళ్ల కిందట రెండిళ్ల మధ్య చెట్టును కొట్టేశారు. నగర నిబంధన ప్రకారం దానికి బదులు చెరో పెరట్లో ఒక మొక్క నాటారు. అవి గడువు ప్రకారం రెండేళ్లు బతికాయో లేదో చూడడానికి ఇన్‌స్పెక్టరు వచ్చింది.

"మీది ఎండిపోయిందండీ. మొక్కండీ ఇది, సన్యాసి కాదు. రోజూ నీళ్లడుగుతుంది."

"అవును," అంది ఇంటావిడ.

"మళ్లీ నాటాలి. రెండేళ్లూ మొదటి నుంచి లెక్క."

"నాటుతాను."

ఇన్‌స్పెక్టరు గోడ మీదుగా తొంగిచూసింది. అటు ఇంటికి తాళం వేసి ఉంది. మెట్ల నిండా ఎండుటాకులు. మొక్క మాత్రం భుజం ఎత్తుకు ఎదిగింది.

"ఆ ఇంటావిడ లేరా?"

"మార్చిలో పోయింది."

"అయ్యో. మీకు బాగా తెలుసా?"

"పదకొండేళ్లుగా మాటల్లేవు. చెట్టు కాగితం మీద కూడా వేరే వేరే రోజుల్లో వచ్చి సంతకాలు పెట్టాం."

"మరి దానికి నీళ్లెవరు పోస్తున్నారు?"

ఇంటావిడ పెరటి కుళాయికి తగిలించిన పైపు, ఎండిన మొక్కను దాటి, గోడెక్కి అటు దిగింది.

"చూసుకునే మనిషి లేకపోతే దాన్ని జాబితాలోంచి తీసేస్తామండీ. రేపు ఇల్లు కొన్నవాళ్లు పీకేసినా అడగం."

"తీసెయ్యకండి. నా పేరు రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు పెన్ను తీసింది. "పోయినావిడకు మీరేమవుతారో రాయాలి. పక్కింటివారని రాసెయ్యనా?"

ఇంటావిడ వంగి, పైపులో పడ్డ మెలికను సరిచేసింది.

"చెల్లెల్ని," అంది.