పరదా తాడు

"నేను వెళ్ళేలోపే పిల్లకేమైనా అయితే?"

యసోథోన్‌లో బస్సు ఇంకా కదలనే లేదు. చన్‌పెంగ్ అప్పటికి మూడుసార్లు అడిగింది.

"ఏమీ కాదే. కాలు విరిగింది, రాడ్డు వేస్తారు, అంతే," అంది కిటికీ కింద నిలబడ్డ అక్క. "పదకొండింటికల్లా నువ్వు సంతకం పెట్టాలి. లేకపోతే ఆపరేషన్ ఇంకో రోజుకి పోతుందన్నారు. గుర్తుందా?"

"బ్యాంకాక్ నిండా దొంగలేనట. మెడలోవి తెంపుకుపోతారట."

"అయితే ఆ గొలుసు తీసి నాకిచ్చి వెళ్ళు."

"అక్కడ అమ్మాల్సి వస్తేనో?"

బస్సు కదిలింది.

కూతురు కుంగ్‌కి పదిహేడేళ్ళు. బట్టల కొట్లో పనికని వెళ్ళి నాలుగు నెలలైంది. రోడ్డు దాటుతుంటే ఎవడో బండితో గుద్ది పారిపోయాడు. ఫోన్ చేసి చెప్పింది తోయ్ అనే మనిషి. మోటారుబండి మీద జనాన్ని దింపి బతుకుతాడట.

"అక్కా, రోడ్డు మీద వస్తే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతారు. బాంగ్ కపి రేవులో కాలవ పడవెక్కండి, ప్రతూనామ్‌లో దిగండి. రేవు పక్కనే మా స్టాండు. పదింటికల్లా నారింజ రంగు చొక్కాలో ఉంటాను. ఏ వార్డో నాకు తెలుసు, ఐదు నిమిషాల్లో దింపేస్తాను," అన్నాడు.

ముక్కూమొహం తెలియనివాడు. వాడికేం పని? ఆడపిల్లని ఆస్పత్రిలో చేర్చి, తల్లిని రమ్మని... నిజంగా ఆస్పత్రేనా? దారి పొడుగునా ఆమెకదే గుబులు.

పడవ నిండా జనం. త్వరగా దిగొచ్చని అంచున కూర్చుంది. ఒక చెయ్యి సంచి మీద, ఒక చెయ్యి గొలుసు మీద.

మూడో రేవులో ఒకతను ఎక్కి పక్కన కూర్చున్నాడు. కాలవ కంపుకి అందరిలాగే ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు. ఒళ్ళో స్టీలు క్యారియర్. అతని చూపు మాటిమాటికీ ఆమె భుజం వైపే పోతోంది.

చన్‌పెంగ్ గొలుసు లోపలికి తోసుకుంది.

ఎదురుగా ఇంకో పడవ దూసుకొచ్చింది. పక్కనున్నతను ఏదో అరిచాడు. ఇంజను హోరులో వినపడలేదు. ఒక్కసారిగా అతని చెయ్యి ఆమె మెడ పక్కగా వచ్చింది.

"దొంగ! గొలుసు! దొంగ!"

రెండు చేతులతో నెట్టేసింది. క్యారియర్ ఎగిరి కాలవలో పడింది. అదే క్షణాన మురికినీళ్ళు వరసంతటి మీదా ఛెళ్ళున కొట్టాయి.

హెల్మెట్ పెట్టుకున్న టికెట్ల అమ్మాయి అంచు మీద నడుచుకుంటూ వచ్చింది. "ఏమైంది పెద్దమ్మా?"

"మెడలోది తెంపబోయాడమ్మా!"

"నేను పరదా..." అన్నాడతను, మొహం తుడుచుకుంటూ.

"దొరికాక అందరూ ఇలాగే చెబుతారులే!" అన్నారెవరో. "దింపెయ్యండి!"

తరవాతి రేవులో దింపేశారు. రేవు గార్డు వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అతను చన్‌పెంగ్ వైపు చూడనైనా లేదు. క్యారియర్ మునిగిన చోటు వైపే చూస్తున్నాడు.

పడవ కదలగానే టికెట్ల అమ్మాయి వంగి, చన్‌పెంగ్ భుజం పక్కన వేలాడుతున్న తాడు లాగింది. ప్లాస్టిక్ పరదా సర్రున పైకి లేచింది.

"అంచున కూర్చున్నవాళ్ళు ఇది లాగాలి పెద్దమ్మా. నీళ్ళు పడకుండా. కొత్తా మీరు?"

చన్‌పెంగ్ తాడు వైపు చూసింది. గొలుసు తడుముకుంది. ఉంది.

"అమ్మాయ్, అతను..."

అమ్మాయి అప్పటికే టికెట్లు కొడుతూ అవతలికి వెళ్ళిపోయింది.

ప్రతూనామ్‌లో దిగేసరికి పదీ పది. రేవు పక్కన ఆరేడుగురు, అందరివీ నారింజ చొక్కాలే.

"తోయ్ ఎవరు నాయనా?"

"తోయన్న ఇంకా రాలేదు పెద్దమ్మా, అతని చొక్కా ఇంకా బండి మీదే ఉంది. మీరు కుంగ్ వాళ్ళమ్మా?"

"ఔను. పదింటికే ఉంటానన్నాడు. మాట మీద నిలబడే మనిషేనా?"

అందరూ నవ్వారు. "రెండు రోజులుగా బండి ముట్టలేదు. ఆ పిల్ల మంచం పక్కనే కాపలా. అన్నా, కంపు కొడుతున్నావు, ఇంటికెళ్ళి స్నానం చేసి రా అని నిన్న మేమే తరిమాం."

"అంత చెయ్యడానికి మా పిల్ల ఏమవుతుంది తనకి?"

"ఏమీ కాదు. గుద్దినప్పుడు పక్కన ఉన్నాడు. అంతే."

"పోనీ, మీలో ఎవరైనా దింపుతారా?"

"గేటు దాకా దింపుతాం. పది అంతస్తులు పెద్దమ్మా, ఎక్కడుందో అన్నకే తెలుసు."

ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. పదీ ఇరవై. పదీ పాతిక. అమ్మో, ఇతనికీ ఏదైనా అయిందా? ఏ బండైనా గుద్దిందా?

పదిన్నరకి ఎత్తాడు.

"అక్కా, తప్పయిపోయింది! గార్డు ఇప్పుడే ఫోన్ తిరిగిచ్చాడు. పడవలో చిన్న గొడవ. ఇంకో పడవెక్కేశాను, కంగారు పడకండి, టైముంది. ప్రయాణం చేసి ఖాళీ కడుపుతో వస్తారని మా ఆవిడ మీకోసం గంజి కాచిచ్చింది. అది కాస్తా కాలవపాలైంది."

చన్‌పెంగ్ కాలవ నీళ్ళ వైపు చూసింది.

"రేవులో జనం ఎక్కువుంటారు, మిమ్మల్ని గుర్తుపట్టాలి కదా. ఏ రంగు బట్టలు వేసుకున్నారు?"

ఆమె చొక్కా చేతి అంచు నుంచి కాలవ నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఒక పడవ వచ్చి, జనాన్ని దింపి, వెళ్ళిపోయింది.

"అక్కా? వినపడుతోందా? అక్కా!"

నారింజ చొక్కాలవాళ్ళు మాటలాపి ఆమె వైపు చూస్తున్నారు.

"తమ్ముడూ," అంది చివరికి, "నువ్వు నన్ను గుర్తుపడతావు."