దారిలోనే ఉంది

రైలు ఇంకా ఆగనే లేదు. అతను పెట్టె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"దూకేస్తారా ఏంటి?" అంది భార్య, పాప చెయ్యి పట్టుకుని నవ్వుతూ.

"మనకున్నది రెండు రోజులే. ఇక్కడ ఆలస్యమైతే అక్కడ ఒక వింత తగ్గిపోతుంది."

అతను బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఏ దారిన పోవాలో చూసేది అతనే. ఒకే రోడ్డు మీద బండి రెండుసార్లు తిరిగితే అతనికి ఒంట్లో బాగుండదు.

ఈ నగరంలో తిరగడానికీ అలాగే దారి గీశాడు. చెరువులో పడవ, కొండ మీదికి రోప్‌వే, జంతుశాల. మర్నాడు కోట, మ్యూజియం, బజారు.

"మనం డిపో వదిలి వచ్చామా, డిపోనే మనతో వచ్చిందా?" అంది భార్య.

"నవ్వు, నవ్వు. ఎక్కడైనా వెనక్కి తిరిగొచ్చామంటే నన్నడుగు."

స్టేషను బయటికి రాగానే ఆమె ఆగిపోయింది. రోడ్డుకు అవతల పొడుగాటి గోడ, గోడ వెనక ఎర్ర పెంకుల కప్పు.

"అదేనండీ! మా ఆశ్రమం!"

ఆ అనాథాశ్రమంలో ఆమె నాలుగేళ్లు పెరిగింది. పుట్టినప్పుడు పిడికెడంత ఉండేదట. డాక్టర్లు ఆశ వదులుకుంటే, అక్కడి ఆయా రాత్రీ పగలూ గుండెకు హత్తుకుని బతికించిందట. ఈ సంగతి దత్తత తీసుకుని పెంచిన తల్లి పోయే ముందు చెప్పింది. ఆయా ముఖం ఆమెకు గుర్తులేదు. ఏ రైలుకు వస్తున్నదీ చెప్పి ఆశ్రమానికి ఫోన్ చేస్తే, "ఉంది, రండి" అన్నారు.

ఆమె ఈ ప్రయాణం అడిగింది అందుకే. మిగతా వింతలన్నీ అతను కలిపాడు.

"ముందు అక్కడికి వెళ్దామండీ."

"రేపు సాయంత్రం రైలెక్కడానికి మళ్లీ ఇటే రావాలి కదా? స్టేషను పక్కది ఆఖర్న చూడాలి. ఇప్పుడు వెళితే పొద్దంతా ఏడుస్తూ కూర్చుంటావు. పడవ పోతుంది."

"ఆవిడ పెద్దావిడండీ."

"ఇన్నేళ్లు ఉన్న మనిషి రేపటికి ఎక్కడికి పోతుంది? దారిలోనే ఉంది కదే!"

"పడవ! పడవ!" అని పాప గంతులేసింది.

ఆమె తలాడించింది. అతని సరదా మీద నీళ్లు చల్లబుద్ధి కాలేదు. అతనికి ఆమె ముఖం చూసే తీరిక లేదు.

పెట్టె లాడ్జిలో పడేసి, టిఫిన్లు చేసి వెళ్లేసరికి చెరువు గట్టు జనంతో కిటకిటలాడుతోంది. రంగురంగుల పడవలు, బాతులు, బుడగలు. పాప కాళ్లు నేల మీద ఆనడం లేదు. అతను టిక్కెట్లకు పరుగెత్తాడు.

బల్ల మీద కూర్చున్న ఒక ముసలావిడ పాపను పిలిచింది. కళ్లకు దళసరి అద్దాలు.

"ఇలా రా తల్లీ, జడ ఊడిపోయింది."

దువ్వెన చూస్తే ఇల్లు లేపే పిల్ల వెళ్లి ఆమె మోకాళ్ల మధ్య బుద్ధిగా కూర్చుంది. ముసలావిడ వేళ్లతోనే దువ్వి పాయలు తీసింది.

"ఏం మంత్రం వేశారమ్మా?" అంది తల్లి నోరెళ్లబెట్టి. "నా దగ్గరైతే ఈపాటికి నలుగురూ పోగయ్యేవాళ్లు!"

"మంత్రమేముంది? తొందరపడకపోతే సరి."

"మీకు మనవరాళ్లున్నారా?"

"బోలెడుమంది," అని నవ్వింది ముసలావిడ.

"మీది ఈ ఊరేనా అమ్మా? అయితే స్టేషను దగ్గర..."

"పడవ కదులుతోంది! లే, లే!" అంటూ అతను ఊడిపడ్డాడు. పాపను ముసలావిడ చేతుల్లోంచి లాక్కున్నాడు.

"జడ అవలేదు బాబూ. ఒక్క మెలిక..."

"మీకేమండీ, ఎంతసేపైనా కూర్చుంటారు. మాకవతల చాలా ఉన్నాయి."

భార్య వెనక్కి తిరిగి చూసింది. ముసలావిడ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

"తెలీనివాళ్లకు పిల్లనిచ్చేస్తావా?" అన్నాడు పడవలో.

"నన్ను పెంచింది తెలీనివాళ్లే," అంది ఆమె.

"అబ్బా, దొరికిపోయాను!" అని పకపకా నవ్వి, దోసిలితో ఆమె మీద నీళ్లు చిలకరించాడు. ఆమె కూడా నవ్వింది.

రెండు రోజులూ హుషారుగా గడిచాయి. అనుకున్నవన్నీ చూశారు. ఎక్కడా వెనక్కి తిరగలేదు. డిపోలో అయితే శభాష్ అనేవాళ్లు.

రెండో రోజు సాయంత్రం ఆశ్రమం మెట్లు ఆమె అందరికంటే ముందు ఎక్కింది. బజార్లో కొన్న శాలువా గుండెకు అదుముకుంది.

మేనేజరమ్మ లేచి నిలబడింది.

"మీరేనా? నిన్న రావాలి కదమ్మా?"

"ముందు ఊరు చూశాం," అన్నాడు అతను.

"మా ఆయా నిన్న తెల్లారినప్పటి నుంచీ గేటు దగ్గరే కూర్చుంది. మీ రైలు వచ్చి వెళ్లినా ఎవరూ రాకపోయేసరికి, ఇక రారనుకుని, ఊరు వదిలే ముందు అలా తిరిగొస్తానని వెళ్లింది."

"ఇప్పుడెక్కడున్నారు?"

"వెళ్లిపోయిందమ్మా. చూపు తగ్గిందని తమ్ముడి కొడుకు వచ్చి నిన్న సాయంత్రం తీసుకెళ్లాడు. అతనెప్పుడో వచ్చాడు. మీరు వస్తారని చెప్పి తనే ఆపింది."

"అడ్రసు?"

"మా దగ్గర లేదు. ఇక్కణ్ణుంచి వెళ్లిన పిల్లల్ని ఆవిడ ఎప్పుడూ వెతుక్కోలేదు. తననీ ఎవరూ వెతకొద్దంది. మీ ఒక్కరి కోసమే ఆగింది."

"పోనీలే, మళ్లీసారి..." అని అతను మొదలుపెట్టాడు.

భార్య అతని వైపు చూసింది.

"ఫొటో అయినా ఉందా అండీ?" అని అడిగింది ఆమె.

మేనేజరమ్మ చూపించిన గోడ మీద, ఒళ్లో ఇద్దరు పసిపిల్లలతో, నిన్న చెరువు దగ్గర అతను పాపను ఎవరి చేతుల్లోంచి లాక్కున్నాడో ఆ మనిషి నవ్వుతూ ఉంది.